బొంతలో చేరని రంగు

మన పాఠశాలలో కుట్టుపని తరగతి బాలికలు ప్రతి సంవత్సరమును ఒక బొంత కుట్టి వార్షికోత్సవము నాటి ప్రదర్శనములో వ్రేలాడదీయుట మీరెల్లరు నెరిగినదే. కుట్లు సన్నముగను సమముగను ఉండును. మూలలు సరిగా కలియును. చూడవచ్చిన పెద్దలు సంతోషముతో తల యూపి ముందునకు సాగిపోవుదురు. అయినను కడచిన నాలుగైదేండ్ల బొంతలను ప్రక్కప్రక్కన పరచి చూచినచో ఏది యే సంవత్సరమున కుట్టినదో పోల్చుకొనుట కష్టము. లేత గులాబి, లేత నీలము, మీగడ రంగు, నడుమనడుమ ఆవగింజలవంటి పువ్వుల అచ్చు. ఇంతియే. నిండైన యెరుపు ఒక్కటి యుండదు. నలుపు మాట చెప్పనక్కరయే లేదు.

ఇది బాలికల లోపమని నేను తలంపను. బజారును, ఇంటిలోని మాటలును, మార్కులు వేయు పద్ధతియు కలిసి వారికి నేర్పిన భయమిది. ఆ భయమునుగూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు ఈ పత్రికయే తగిన చోటని తోచినది. బాలికలును, వారి తల్లిదండ్రులును, మార్కులు వేయు పెద్దలును దీనిని చదువుదురు గదా.

గుడ్డలు ఏర్చుకొను దినమున తరగతిలో తరచుగా వినబడు మాట యొక్కటే: “టీచరుగారూ, ఇది దానితో కలియదండీ.” ఏల కలియదని యడిగిన జవాబు లేదు. కలియదు, అంతే. మన పెద్దలు సరిపోయిన జతను చూచి గంతకు తగిన బొంత యందురు. ఆ సామెతలో కొంత వెక్కిరింత గూడ నున్నదను సంగతి మరచి, తగినదే కావలెనని పట్టుబట్టువారు మనలో పెక్కుమంది. ఇప్పుడు పట్టణములలోని దుకాణములలో ముందే కత్తిరించి, రంగులు జతపరచి, కాగితపు పట్టీ చుట్టిన గుడ్డముక్కల కట్టలు దొరకుచున్నవి. అవి చూచుటకు ముచ్చటగానే యున్నవి. కాని రంగును ఏర్చుపని దుకాణదారుడే ముగించి పంపినపిమ్మట పిల్లకు మిగులునది సూది పొడుచుట మాత్రమే. కన్ను చేయవలసిన పనిని కన్ను చేయలేదు. కుట్టుపనిలో సగము విద్య అక్కడనే పోయినది. తండ్రి చేతి డబ్బు గూడ దానితోబాటు పోయినది.

“కలియుట” యనగా నేమో కొంచెము విచారింతము. ఫ్రాన్సుదేశమున మిషెల్ షెవ్రోల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1824 మొదలుకొని పారిసు నగరములోని గోబెలిన్ నేతశాలయందు అద్దకములకు అధికారిగా నుండెను. అచ్చటి నల్లని ఉన్ని తగినంత నల్లగా లేదని నేతగాండ్రు మొరపెట్టుకొనిరి. ఆయన పరీక్షించి చూడగా అద్దకములో లోపమేమియు కనబడలేదు. ఆ నలుపును నీలము, ఊదా మొదలగువాని సరసను నేయుటచేత అది వెలవెలబోయినట్లు కంటికి తోచుచుండెను. దోషము రంగునందు లేదు, పొరుగునందున్నది. ఈ విషయమునే విస్తరించి ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. పసుపుపచ్చ గుడ్డను మీగడ రంగు ప్రక్కన పెట్టి చూడుడు. దానినే వంకాయ రంగు ప్రక్కన పెట్టి మరల చూడుడు. రెండును ఒకే తానులోనివని చెప్పిన చిన్నపిల్లలు నమ్మరు. కావున ఏ రంగు మంచిది, ఏది చెడ్డదియను ప్రశ్నకు అర్థము లేదు. ఏది దేని ప్రక్కన నున్నది, ఎంత మేరకున్నది యని యడుగవలెను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు వర్ణచక్రము నేర్పిరి. దానిని నేను తరగతిలో చెప్పుచునే యున్నాను. కాని బొంత కుట్టువారికి అంతకంటె ముఖ్యమైనది రంగు పేరు గాదు, దాని ముదురుదనము. ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడును ఒకే ముదురుగా నున్నచో దూరమునుండి చూచువారికి ఒకే మబ్బువలె కనబడును. లేతదియు ముదురుదియు ప్రక్కప్రక్కన చేరినచో ఎంత జగడమాడు రంగులైనను ఆకారము స్పష్టముగా నిలుచును. మా అమ్మమ్మల తరమువారు గుడ్డలను చాపపై పరచి, కన్నులు సగము మూసి చూచెడివారు. ఆ చూపునకు రంగు తగ్గి వెలుగునీడలు మాత్రమే మిగులును. నేడు ఇండ్లలో చేతిఫోనులున్నవి గనుక నలుపు తెలుపు ఛాయాచిత్రము తీసి చూచినను అదే ఫలము. మన ప్రదర్శనపు బొంతలు పది అడుగుల దూరమునుండి చూడగా ఏల చప్పగా నున్నవనగా, వానిలో అన్నియు లేతవియే. దానికి తోడు పువ్వుల అచ్చు లన్నియు చిన్నవి. దూరమునకు చిన్న పువ్వులు కలిసిపోయి దుమ్ము పట్టినట్లుండును. వాని నడుమ ఒక పెద్ద పువ్వు గుడ్డయో, లుంగీ గళ్ల గుడ్డయో, అంచు చారల ముక్కయో చేరినచో ఆ చిన్న పువ్వులకే ప్రాణము వచ్చును.

ఇంకొక చిన్న సంగతి. అలవాటులేని రంగును ధైర్యము చేసి తెచ్చిన పిల్ల దానిని ఒక మూలన ఒక్క ముక్కగా పెట్టి ఊరకుండును. అది మరకవలె కనబడును, అందరును నవ్వుదురు, మరి యెన్నడును ఆ పిల్ల అట్టి సాహసము చేయదు. అదే రంగును మూడుచోట్లనో అయిదుచోట్లనో చల్లినచో అది కావలెనని పెట్టినదిగా కన్ను గ్రహించును. సగము ధైర్యముకంటె నిండు ధైర్యమే ఇచ్చట క్షేమము.

నలుపు మాటకు వత్తును. శుభకార్యములలో నలుపు పనికిరాదని మన యిండ్లలో ననుకొందురు. ఆ తలంపు బొంతలోనికిని ప్రాకినది. రంగులకు మన మిచ్చు అర్థము లెంత నిలుకడలేనివో తెలుపు చీరను జూచిన తెలియును. ఒక యింట అది వైధవ్యమునకు గుర్తు. మన క్రైస్తవ కుటుంబములలో అదే పెండ్లికూతురి వస్త్రము. ఇక నలుపు లేకున్న మన తెలుగుదేశపు అద్దకమే లేదు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి తీసిన నలుపుతోనే కలంకారి పనివాండ్రు రూపరేఖలు దిద్దుదురు. చీరాలలోను పుట్టపాకలోను నేసిన తేలియా రుమాళ్లయందు ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరు రంగు ఉండదు. అమెరికాదేశములో ఆమిషులను ఒక క్రైస్తవ శాఖవారున్నారు. ఆడంబరమును విసర్జించుటచే వారు పువ్వుల గుడ్డలు ధరింపరు. ఒహాయో, ఇండియానా ప్రాంతములలో వారి స్త్రీలు సాదా గుడ్డలతో కుట్టిన పాత బొంతలయందు నలుపు విరివిగా నుండును. ఆ నలుపు నడుమ ఎరుపును నీలమును దీపములు వెలిగించినట్లు మెరయును. 1971లో న్యూయార్కులోని విట్నీ కళాప్రదర్శనశాల బొంతలను చిత్రపటములవలె గోడలకు వ్రేలాడదీసి చూపినది. పరుపుమీది వస్తువును నిలువుగా నిలిపి, దూరమునుండి చూడుమని జనులకు చెప్పుటయే ఆ ప్రదర్శనము చేసిన గొప్ప పని.

ఈ విషయములో నాకు మిక్కిలి ప్రియమైన యుదాహరణము వేరొకటి కలదు. అలబామా రాష్ట్రమున అలబామా నది యొక పెద్ద వంపు తిరిగినచోట జీస్ బెండ్ అను పల్లెయున్నది. అచ్చటివారు పూర్వము ప్రత్తితోటలలో బానిసలుగా నుండిన నల్లజాతివారి సంతతి. తోట యజమానుని పేరైన పెట్‌వే యనునదియే నేటికిని వారిలో అనేకుల యింటిపేరు. మూడు ప్రక్కల నీరు, నాలుగవ ప్రక్క చెడ్డ బాట. పేదరికము చెప్పనలవి కానిది. చలికి తాళలేక స్త్రీలు చిరిగిన పని దుస్తులు, పిండి సంచులు, ప్రత్తి సంచులు కత్తిరించి బొంతలు కుట్టుకొనిరి. కొలబద్ద లేదు, జతపరచిన కట్ట లేదు. దొరికిన నీలము దొరికిన గోధుమరంగు ప్రక్కకు వచ్చెను. గీత వంకరపోయినచో వంకరగానే సాగెను. ఇట్లు ఎవరి నమూనాయు చూడక కుట్టిన బొంతలను వారు “నా తీరు” అని పిలుచుకొందురు.

1942లో మిజూరీ పెట్‌వే యను స్త్రీ తన భర్త చనిపోగా, ఆయన పొలములో తొడిగిన బట్టలన్నియు కత్తిరించి ఒక బొంత కుట్టెను. ఆయనను మరువకుండుటకును, ఆ బొంత కప్పుకొని ప్రేమను పొందుటకును కుట్టినదని ఆమె కుమార్తె తరువాత చెప్పెను. ఆ గుడ్డలలో ఏది దేనితో కలియునో ఆమె యెవరినైన నడిగియుండునా? 1966లో ఒక ఎపిస్కోపల్ గురువు తోడ్పాటుతో ఆ ప్రాంతపు స్త్రీలు ఒక సహకార సంఘము స్థాపించిరి. 1972లో సియర్స్ అను పెద్ద వర్తకసంస్థ కార్డురాయ్ దిండుగలేబుల పని వారికిచ్చెను. ఆ పనిలో నమూనా తప్పరాదు. ఒకటి మరియొకదానివలె నుండవలెను. అయితే కత్తిరింపులలో మిగిలిన ముతక కార్డురాయ్ పీలికలను వారు ఇండ్లకు గొనిపోయి తమ తీరున బొంతలు కుట్టుకొనిరి. నేడు జనులు మెచ్చుకొని చూచునవి ఆ మిగులు పీలికల బొంతలు. దిండుగలేబులను తలచువారు లేరు. 2002లో హ్యూస్టను నగరపు లలితకళాశాలలో ఈ పల్లె బొంతల ప్రదర్శనము జరిగెను. పిమ్మట న్యూయార్కునకును ఇతర పట్టణములకును వెళ్లెను. 2006లో అమెరికా తపాలాశాఖవారు పది బొంతల బొమ్మలతో తపాలాబిళ్లలు ప్రకటించిరి.

దీనిని చదివి పేదరికమే కళకు తల్లి యని యెవరును తలంపకుందురుగాక. ఆ స్త్రీలు చలికి వడకిరి. వారు కోరుకొన్న బ్రతుకు అది కాదు. నేను చెప్పునది వేరు. చేతిలోనికి వచ్చిన గుడ్డను వారు చీదరించుకొనలేదు. దానికి తగిన పొరుగును వెదకిరి. బీరువాలో పది తానులున్న మనము ఆ పాటి వెదకుటకు ఓపిక పట్టలేమా?

అంత దూరము పోనక్కరలేదు. కర్ణాటకములోని ఉత్తర కన్నడ అడవి పల్లెలలో సిద్దీలను జనులున్నారు. వారి పూర్వులు ఆఫ్రికానుండి వచ్చినవారు. వారిలో క్రైస్తవులు, మహమ్మదీయులు, హిందువులు మూడు మతములవారును గలరు. వారి స్త్రీలు పాతబట్టల ముక్కలతో కవందియను బొంతను అంచునుండి ప్రారంభించి చుట్టుచుట్టుగా లోపలికి కుట్టుకొని వచ్చి నడుమ ముగింతురు. మూలలయందు మడచిన చిన్న ముక్కలు చేర్చి వానిని పువ్వులందురు. ఎదురురంగులను ప్రక్కప్రక్కన నిలుపుటకు వారు జంకరు. వంగదేశపు కంథ వేరు తీరు: పాత తెల్ల చీరలను పొరలుగా పరచి, అంచులనుండి లాగిన రంగుదారములతో బొమ్మలు కుట్టెదరు.

మన యిండ్లలోని బొంతలు ఈ వరుసలోనివి కావా? అమ్మమ్మ నేత చీర, తాతగారి పంచె, నాన్నగారి చొక్కా, చిన్నతనమున పోయిన తమ్ముని గౌను ముక్క — ఇవన్నియు కలిసిన బొంతమీదనే మనలో పెక్కుమందిమి పెరిగితిమి. మన వసతిగృహములో నొక బాలిక ఇంటినుండి తెచ్చిన బొంతను పగలెల్ల పెట్టెలో దాచి, దీపము లార్పిన తరువాతనే తీసి కప్పుకొనుచుండెను. ప్రక్క మంచములమీద అంగడి దుప్పట్లున్నవి. తనది “గంగిరెద్దు బొంత” యని తోటివారు నవ్వుదురని భయము. ఆ బొంతను నేను చూచితిని. కనకాంబరపు రంగు ప్రక్కన నేరేడు రంగు, దాని ప్రక్కన ఇటుక రంగు, మధ్య వెలిసిపోయిన చిలుకపచ్చ. కుట్లు వరుసగా అలలవలె సాగినవి. మన ప్రదర్శనములో బహుమతి పొందిన యే బొంతలోను అంత చూపు నాకు కనబడలేదు. కుట్టిన తల్లి చదువుకొన్నది కాదు. వరిచేలలో కూలిపని చేసికొనునది. తల్లికి వచ్చిన విద్యను పిల్ల దాచుకొని సిగ్గుపడునట్లు చేసిన రంగుల మర్యాద నాకు మర్యాదగా తోచదు. నాకీ విషయమున పట్టుదల కలుగుటకు కారణమిదే.

క్రొత్త రంగును చూచి జంకుట మన పిల్లలకే పుట్టినది కాదు; ఒకప్పుడు రాజ్యములే జంకినవి. మచిలీపట్టణము మొదలగు కోరమాండల్ తీరపు రేవులనుండి అద్దకపు వస్త్రములు ఓడలలో ఐరోపాకు పోయి మంచపు దుప్పట్లుగను బొంతలుగను అచ్చటి యిండ్లలో వెలసెను. ఆ యెరుపు, ఆ నీలము ఉదికినను పోకుండుట జూచి అచ్చటి జనులు విస్తుపోయిరి. ఉన్ని, పట్టు నేతగాండ్రు తమ బ్రతుకు పోవుచున్నదని గోలచేయగా ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించెను. ఇంగ్లండు 1700లో దిగుమతిని అడ్డగించి, 1721లో వాడుకనే నిషేధించుచు శాసనము చేసెను. ఫ్రాన్సులో 1759 వరకును, ఇంగ్లండులో 1774 వరకును ఆ నిషేధములు నడచెను. నేతగాండ్రది కూటి భయము గనుక వారిని నిందింపలేము. తరువాతి కాలమున ఇంగ్లండు, అమెరికా స్త్రీలు భారతదేశపు అద్దకపు గుడ్డలోని పువ్వులను పిట్టలను విడిగా కత్తిరించి సాదా తెల్లగుడ్డపై కుట్టి బొంతలు చేసిరి. ఆ బొంతలు నేడు ప్రదర్శనశాలలలో భద్రపరుపబడుచున్నవి. పెడనలో నేటికిని కలంకారి అచ్చులు వేయుచుండగా, ఆ పరిసరపు బాలికలు కుట్టుపనికి లేత గులాబి పాలిస్టరు కొని తెచ్చుకొనుట చూచిన నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

సాహసమనగా తెగింపు కాదు. రంగుల విషయమున ఎంత స్వేచ్ఛయైనను ఇయ్యవచ్చును గాని గుడ్డల స్వభావమును ఉపేక్షింపరాదు. ఉదకని క్రొత్తగుడ్డ ఉడిగి పాతదానిని చింపునను సంగతి సువార్తలోని మాసిక యుపమానము విన్నవారికి క్రొత్త కాదు. ముదురెరుపు, ముదురునీలము గుడ్డలను తడిపి తెల్లగుడ్డపై నొక్కి చూడవలెను. రంగు దిగినచో దిగుట మానువరకు ఉదకవలెను, మానకున్న విడువవలెను. బరువైన జీన్సు గుడ్డ ప్రక్కన పలుచని పాత చీరముక్క పెట్టిన చీర త్వరగా చినుగును. అట్టిచోట వెనుక మరియొక పొర వేయవలెను. పాలిస్టరు ఇస్త్రీ వేడికి ముడుచుకొనును. ఇవి తెలిసిన పిల్లకు పట్టు, ఖద్దరు, లుంగీ, కార్డురాయ్ ఏదియు అంటరానిది కాదు.

ఇక మార్కుల సంగతి. ప్రస్తుతము కుట్టునకును, శుభ్రతకును, “రంగుల పొందిక”కును మార్కులున్నవి. ఈ మూడవదానిని “రంగుల యెంపిక” యని మార్చి, ఆ గుడ్డనే యేల ఏర్చుకొంటివని పిల్లను ప్రశ్నించి, ఆమె చెప్పు కారణమునకు మార్కులు వేయవలెనని నా యభిప్రాయము. పొందిక యను మాట చూడగానే పిల్ల తప్పు చేయకుండుటకు దారి వెదకును. తప్పు చేయకుండుటకు లేత గులాబికంటె సులువైన దారి లేదు. దీనికి కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పుదురు. మంచి రుచి మొదట నేర్పి, స్వేచ్ఛ తరువాత నియ్యవలెనందురు. అందు కొంత న్యాయమున్నది. కుట్టు విషయమున నేనును అట్లే చేయుదును. సమమైన కుట్టు రాని పిల్లకు వంకరగీతను మెచ్చుకొనుట మోసము. కాని రుచి యనునది వినుటచేత రాదు, చూచుటచేత వచ్చును. పది జతలు పెట్టి తొమ్మిదింటిని తీసివేసిన పిల్లకు పదియవదాని విలువ తెలియును. ఒకే జతను చూచినదానికి ఏమి తెలియును?

రాబోవు సంవత్సరము తొమ్మిదవ తరగతివారి బొంతకు దుకాణమునుండి గుడ్డ కొనవలదని ప్రధానోపాధ్యాయులకు మనవి చేసికొంటిని, వారు సమ్మతించిరి. ప్రతి బాలికయు ఇంటినుండి రెండు ముక్కలు తేవలెను: ఒకటి తనకు మిక్కిలి ఇష్టమైనది, రెండవది “ఇది యెట్లును కలియదు” అని తాను తలంచునది. రెండవదానిని బొంతలో ఎక్కడ పెట్టవలెనో తరగతియంతయు నేలపై పరచి, ఒకటి రెండు దినములు అటునిటు మార్చి చూచి నిర్ణయించుకొందురు. మగపిల్లలు గూడ రాదలచినచో వత్తురుగాక. ఊళ్లలో దర్జీలలో పెక్కుమంది పురుషులే గదా.

తల్లిదండ్రులు ఇందుకై క్రొత్తవేమియు కొనవలదు. చిరిగిన చీర అంచు, పాత పంచె, పాతబడిన చొక్కా వీపుముక్క చాలును. జానెడు పొడవు జానెడు వెడల్పు ఉన్న సరిపోవును. ఒక రాత్రి నీటిలో నానబెట్టి, ఉదికి, నీడన ఆరవేసి పంపుడు. ఇస్త్రీ ఇచ్చటనే చేసికొందుము. ముక్కతోబాటు అది యెవరి బట్టయో ఒక చీటిపై వ్రాసి పంపినచో బొంత వెనుకవైపు ఆ పేరు కుట్టుదుము.